కన్ను చేసే తర్కం: ఆటిజం ఉన్న పెద్దల మెదడు గురించి ఇప్పటిదాకా తేలిందేమిటి?

లియో కానర్ 1943లో ఆటిజం గురించి రాసిన తొలి వ్యాసంలో 11 మంది పిల్లలున్నారు. వాళ్లలో చాలామందికి అప్పటికే ఎవరో ఒకరు మందబుద్ధి అని పేరు పెట్టేశారు. మాటలతో అడిగే బినే తరహా పరీక్షలకు వాళ్లు అందలేదు. సెగాన్ ఫారమ్ బోర్డు ముందు కూర్చోబెడితే మాత్రం అందరూ బాగానే చేశారని కానర్ రాశాడు. అదొక చెక్క పలక. నక్షత్రం, వృత్తం, చతురస్రం లాంటి ముక్కలను వాటి వాటి గుంటల్లో త్వరగా అమర్చాలి. మన ఊళ్ల క్లినిక్కుల్లో ఆ పలకను ఇప్పటికీ వాడుతున్నారు. మాటతో అడిగినప్పుడు ఒక మనిషి, బొమ్మ చేతికిచ్చినప్పుడు ఇంకో మనిషి కనిపిస్తున్నాడన్న సంగతి ఆటిజం చరిత్రలో మొదటి పేజీల్లోనే నమోదైంది. దాన్ని గట్టిగా పట్టించుకోవడానికి శాస్త్రానికి అరవై ఏళ్లు పైనే పట్టింది.

పట్టించుకున్నాక ప్రశ్న కాస్త లోపలికి జరిగింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు బొమ్మల్లో ఇచ్చిన చిక్కును విప్పుతున్నప్పుడు ఆ పని మెదడులో ఎక్కడ జరుగుతోంది? మిగతావాళ్ల మెదడులో జరిగే చోటేనా? ఈ నలభై ఏళ్లలో వచ్చిన పరిశోధనలను వరసగా చదివితే రెండు వాదాలు కనిపిస్తాయి. ఆటిజం ఉన్నవాళ్లు బొమ్మల తర్కంలో మిగతావాళ్లను మించినవాళ్లన్నది మొదటిది. దానికి ఆధారం పలచన. అదే జవాబుకు వాళ్లు వేరే దారిలో చేరుకుంటారన్నది రెండోది. దీనికి ఉన్న ఆధారం అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పత్రికలే కాదు, ఒక్కోసారి పరిశోధకులు కూడా ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

మొదట పిల్లల మీద జరిగిన పనితో మొదలుపెట్టాలి, ఎందుకంటే పెద్దల మీద వేసిన ప్రశ్నలన్నీ అక్కడి నుంచి వచ్చినవే. లండన్‌లో అమిటా షా, ఊటా ఫ్రిత్ 1983లో ఒక ఫలితం ప్రకటించారు. పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని, అంటే పిల్లల బండి గీతల్లో కలిసిపోయిన త్రిభుజం లాంటిదాన్ని, వెతికి పట్టుకోవడంలో ఆటిజం ఉన్న పిల్లలు ముందున్నారని. పదేళ్లకు అదే ఇద్దరూ బ్లాక్ డిజైన్ పరీక్ష మీద పని చేశారు. ఇందులో ఎరుపు, తెలుపు ముఖాలున్న ఘనాలు ఇస్తారు. కొన్ని ముఖాలు మూల నుంచి మూలకు సగం ఎరుపు, సగం తెలుపు. కాగితం మీద ఒక నమూనా చూపించి, ఘనాలను పేర్చి దాన్ని తయారుచేయమంటారు. చాలామందికి ఇక్కడ అడ్డుపడేది నమూనా మొత్తంగా కనిపించడం. ఒక పెద్ద ఎర్ర వజ్రం కళ్లకు కడుతుంది, అది నాలుగు ఘనాల మీదుగా పరుచుకుందని స్ఫురించదు. షా, ఫ్రిత్ ఆ నమూనానే ముందుగా నాలుగు ముక్కలు చేసి, మధ్యలో ఖాళీ వదిలి చూపించారు. ఆటిజం లేనివాళ్ల వేగం బాగా పెరిగింది. ఉన్నవాళ్లకు పెద్దగా లాభం రాలేదు. వాళ్లకు ఆ ముక్కలు ముందే విడివిడిగా కనబడుతున్నాయి కదా, ఇంకొకరు విడదీసి ఇస్తే ఒరిగేదేముంది?

ఫ్రిత్ దీనికిచ్చిన వివరణ 1989 నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది: ఆటిజంలో వివరాలను కలిపి ఒక మొత్తంగా చూసే లాగుడు బలహీనం. వివరణ తెలివైనదే. కానీ అందులో ఒక మెలిక ఉంది. నైపుణ్యాన్ని కూడా అది లోపం నుంచే పుట్టిస్తుంది. మొత్తం చూడలేరు కాబట్టి ముక్కలు బాగా చూస్తారు అన్నట్టు. ఫ్రిత్ తానే తర్వాత ఫ్రాన్సెస్కా హాపేతో కలిసి 2006లో దాన్ని సడలించి, ఇది లోపం కన్నా ఒక ఆలోచనా తీరు అనుకోవడం మేలన్నది. ఈలోగా మాంట్రియల్‌లో లోరాన్ మోట్రాన్ బృందం వేరే వైపు నుంచి బయలుదేరింది. మొత్తం చూడటంలో లోటేమీ లేదు, చూపు అనే పనిముట్టే వీళ్లలో ఎక్కువ బలంగా ఉంది, తర్కంలోకి కూడా అది చొరబడుతుంది అన్నది వాళ్ల వాదం.

ఆ వాదానికి అసలు పరీక్ష రేవెన్ మాట్రిసెస్. జాన్ రేవెన్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1938లో ప్రచురించిన 60 చిక్కుముళ్ల పుస్తకం ఇది. ఇందులో చదవాల్సిందేమీ ఉండదు. ఒక తరహా చిక్కు ఇలా ఉంటుంది: అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లు. పై వరుసలో వృత్తం, చతురస్రం, త్రిభుజం. వృత్తంలో ఒక గీత, చతురస్రంలో రెండు, త్రిభుజంలో మూడు. రెండో వరుసలో అవే మూడు ఆకారాలు చోట్లు మార్చుకుని ఉంటాయి, లోపలి గీతలు కూడా ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి మారి ఉంటాయి. మూడో వరుసలో చివరి గడి ఖాళీ. కింద ఇచ్చిన ముక్కల్లోంచి అక్కడ పట్టేదాన్ని ఎంచుకోవాలి. దీన్ని మనసులో మాటలుగా చెప్పుకుంటూ చేయొచ్చు: 'ప్రతి వరుసలో ప్రతి ఆకారం ఒక్కసారే రావాలి, గీతల సంఖ్య కూడా అంతే, కాబట్టి ఇక్కడ మిగిలింది రెండు గీతల వృత్తం'. లేదా ఒక్క మాట కూడా లేకుండా, గళ్ల మీద చూపు తిప్పుతూ ఉంటే ఏది లేదో అది తట్టొచ్చు. పుస్తకంలో మొదటి చిక్కులు చూపుకే లొంగుతాయి. పోను పోను రెండు మూడు నియమాలు ఒకేసారి పట్టుకుంటే తప్ప తెమలవు.

బొమ్మలే కదా అని ఈ పరీక్షను తీసిపారేయడానికి వీల్లేదు. చదువుతో, సమాచారంతో పని లేకుండా కొత్త సమస్యను విప్పే శక్తిని కొలిచే సాధనాల్లో మనస్తత్వవేత్తలు దీన్ని ముందు వరుసలో కూర్చోబెడతారు. అందుకే 2007లో మిషెల్ డాసన్, ఇసబెల్ సూలియేర్, మోర్టన్ ఆన్ గెర్న్స్‌బాకర్, మోట్రాన్ ప్రకటించిన ఫలితం అంత కలకలం రేపింది. డాసన్ ఆటిజం ఉన్న మనిషి. ఒకప్పుడు మాంట్రియల్‌లో ఉత్తరాలు పంచే ఉద్యోగి. వాళ్లు 38 మంది ఆటిజం ఉన్న పిల్లలకు, 13 మంది పెద్దలకు రెండు పరీక్షలూ పెట్టారు. ఒకటి రేవెన్. రెండోది క్లినిక్కుల్లో మామూలుగా ఐక్యూ కోసం వాడే వెక్స్‌లర్. అందులో చాలా భాగం పరీక్షించేవాళ్లు నోటితో అడిగే ప్రశ్నలు, నోటితో ఇచ్చే సూచనలు. వెక్స్‌లర్ కన్నా రేవెన్‌లో పిల్లల స్థానం సగటున 30 పర్సెంటైల్ పాయింట్లు పైకి లేచింది. కొందరిలో ఆ తేడా 70 దాటింది. వెక్స్‌లర్ ప్రకారం పిల్లల్లో మూడో వంతు మంది బుద్ధిమాంద్యం పరిధిలోకి వచ్చారు. రేవెన్ ప్రకారం అలా వచ్చినవాళ్లు 5 శాతం. పెద్దవాళ్లలోనూ ఇదే ధోరణి. ఆటిజం లేనివాళ్లకు రెండు పరీక్షల్లోనూ ఇంచుమించు ఒకే స్థానం వచ్చింది.

మనిషి మారలేదు, పరీక్ష మారింది. నన్నడిగితే ఈ మొత్తం రంగంలో అన్నిటికన్నా బరువైన ఫలితం ఇదే, అదీ మెదడు స్కానర్‌తో పని లేకుండానే వచ్చిన ఫలితం. వెక్స్‌లర్‌లోని భాగాల్లో వీళ్లకు ఎక్కువ మార్కులు వచ్చింది బ్లాక్ డిజైన్‌లో, తక్కువ వచ్చింది లోకం తీరు గురించి మాటల్లో సమాధానం చెప్పాల్సిన భాగంలో. ఈ రెంటినీ కలిపి తీసిన సగటు ఆ మనిషి ఏది చేయగలడో చెప్పదు, ఏది చేయలేడో కూడా చెప్పదు.

రెండేళ్లకు, అంటే 2009లో, అదే బృందం రేవెన్ పుస్తకాన్ని ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ అనే మెదడు స్కానర్‌లోకి తీసుకెళ్లింది. ఆ యంత్రంలో పరీక్ష రాయడం అంటే ఏమిటో కొంచెం ఊహించుకోవాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తల చుట్టూ ఒక తొడుగు బిగించి, సొరంగం లాంటి గొట్టంలోకి జరుపుతారు. యంత్రం చెవులు దిమ్మెక్కేలా కొట్టుకుంటూ ఉంటుంది. కళ్లకు ఎదురుగా చిన్న అద్దం, అందులో తెర మీది బొమ్మలు. చేతిలో మీటలు. తల మిల్లీమీటరు కూడా కదపకూడదు. చప్పుళ్లంటే, ఒరుసుకునే వస్తువులంటే గిజగిజలాడే మనిషికి ఇది చిన్న పరీక్ష కాదు. అది తట్టుకోగలిగిన 15 మంది ఆటిజం ఉన్నవాళ్లు, 18 మంది లేనివాళ్లు, కౌమారం నుంచి ముప్పైల దాకా వయసున్నవాళ్లు, ఎవరి వేగంతో వాళ్లు 60 చిక్కులూ విప్పారు. పోలిక కోసం వాళ్లకే ఇంకో 60 తేలిక బొమ్మలు కూడా ఇచ్చారు. వాటిలో తర్కం ఏమీ లేదు, ఒకే రకం ముక్కను గుర్తుపట్టడమే.

తేలిక బొమ్మల్లో రెండు జట్లకూ తేడా లేదు. వేగం ఒకటే, మెదడు పని చేసిన తీరూ ఒకటే. తర్కం కావాల్సిన చిక్కుల దగ్గరే దారులు చీలాయి. సరైన జవాబుల సంఖ్య రెండు జట్లకూ ఇంచుమించు సమానం. కానీ ఆటిజం ఉన్నవాళ్లు 40 శాతం దాకా వేగంగా చేశారు. వాళ్ల మెదడులో తల వెనక భాగాన, చూపును విశ్లేషించే ప్రాంతాలు ఎక్కువ పని చేశాయి. నుదుటి వెనక ఉండి ప్రణాళిక వేసే, నియమాలను పట్టి ఉంచే ప్రీఫ్రంటల్ ప్రాంతం, నడినెత్తికి కాస్త వెనకగా ఉండే పెరైటల్ ప్రాంతంలో ఒక భాగం మిగతావాళ్లలో కన్నా తక్కువ పని చేశాయి. ఈ ప్రయోగంలో నాకు బాగా నచ్చింది ఆ తేలిక బొమ్మల ఏర్పాటు. అది లేకపోతే ఎవరైనా, వీళ్ల కళ్లు చురుకు, బొమ్మ ఏదైనా తల వెనక భాగం ఎక్కువ వెలుగుతుంది, అంతే కదా అని తేల్చేసేవాళ్లు. తర్కం చేయాల్సి వచ్చినప్పుడు మాత్రమే చూపు ప్రాంతాలు అదనంగా దిగాయంటే, ఆ తర్కంలో కొంత భాగాన్ని అవి తమ మీద వేసుకుంటున్నాయని అనుకోవడానికి వీలుంటుంది.

ఇది ఒక్క ప్రయోగశాల ఫలితమే అయితే ఇంత చెప్పుకోనక్కరలేదు. ఇదే ఛాయ అంతకు పదేళ్ల ముందే, 1999లో, ఇంగ్లండ్‌లో దాగిన ఆకారాలు వెతికించిన ప్రయోగంలో కనిపించింది. అందులో ఆటిజం ఉన్న పెద్దలు ఆరుగురే. 2012లో ఫాబియన్ సామ్సన్, మోట్రాన్, సూలియేర్, థామస్ జెఫిరో 26 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ఆటిజం ఉన్న 357 మంది, లేని 370 మంది. ముఖాలు చూపినా, వస్తువులు చూపినా, రాసిన పదాలు చూపినా సగటున మెదడు వెనక భాగాల్లో చురుకు ఎక్కువ, ముందు భాగంలో తక్కువ. ఒక్కో అధ్యయనం చిన్నదే. వాటి సగటు ఇలా ఒకే వైపు మొగ్గడం మాత్రం చిన్న విషయం కాదు.

ఇక్కడి నుంచే అసలు తగువు మొదలవుతుంది. మాంట్రియల్‌కు పోటీగా పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మార్సెల్ జస్ట్ బృందం ఇదే రకం సమాచారాన్ని ఇంకో కథగా చదివింది. ఆటిజంలో మెదడు ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య సంధానం సన్నగా ఉందని 2004 నుంచీ వాళ్ల వాదం. 2007లో వాళ్లు ఆటిజం ఉన్న 18 మంది చేత టవర్ ఆఫ్ లండన్ అనే చిక్కు చేయించారు. టిమ్ షాలిస్ 1982లో పరిచయం చేసిన రూపంలో దానికి మూడు కడ్డీలు, ఒక్కోటి ఒక్కో పొడవు. పొడవైనదానికి మూడు రంగుపూసలు పడతాయి, మధ్యదానికి రెండు, పొట్టిదానికి ఒకటే. ఒక అమరిక ఇచ్చి, ఒకసారికి ఒక పూసే కదుపుతూ తక్కువ ఎత్తుల్లో ఇంకో అమరికకు రావాలి. పొట్టి కడ్డీ మీద తొందరపడి పూస పెడితే రెండడుగుల తర్వాత ఇరుక్కుంటాం. చేయి కదిపే ముందే మూడు నాలుగు ఎత్తులు మనసులో నడిపి చూసుకోవాలి. రెండు జట్లలోనూ ఇంచుమించు అవే ప్రాంతాలు పని చేశాయి. కానీ ముందు, వెనక ప్రాంతాలు ఒకదానితో ఒకటి లయ కలిపి నడవడం ఆటిజం ఉన్నవాళ్లలో తక్కువ. మెదడు రెండు అర్ధభాగాలను కలిపే నరాల కట్టలో ఆ ప్రాంతాలకు చెందిన భాగం చిన్నగా ఉన్నవాళ్లలో ఆ లయ ఇంకా తక్కువ.

అంతకు ముందే 2006లో రాజేశ్ కానా, జస్ట్ తదితరులు చేసిన ఇంకో ప్రయోగం ఉంది. కొన్ని వాక్యాలు బొమ్మ కట్టుకుంటే తప్ప అర్థం కానివి, ఆరును తిరగేస్తే తొమ్మిది అవుతుందన్న తరహావి. కొన్ని బొమ్మతో పని లేనివి, నిజాయితీ మంచి గుణమన్న తరహావి. ఆటిజం లేనివాళ్ల మెదడు మొదటి రకానికి మాత్రమే దృశ్య ప్రాంతాలను పిలిచింది. ఉన్నవాళ్ల మెదడు రెండు రకాలకూ పిలిచింది. భాషను కూడా బొమ్మగా మార్చుకుని చూస్తున్నారన్నమాట.

పిట్స్‌బర్గ్ దృష్టిలో ఇదంతా సర్దుబాటు. ముందు భాగంతో తీగ సన్నగా ఉంది కాబట్టి మెదడు దగ్గరున్న వనరులతో పని గడుపుకుంటోంది. మాంట్రియల్ దృష్టిలో ఇది పొదుపు. చూపే పని చేసేస్తుంటే ముందు భాగాన్ని శ్రమ పెట్టడం దేనికి? కంటితోనే కొలత పట్టే దర్జీ టేపు బయటికి తీయకపోతే, అతని దగ్గర టేపు లేదని ఒకరంటారు, అతనికి దాంతో పని లేదని ఇంకొకరంటారు. గుడ్డ సరిగ్గా తెగిందా లేదా అన్నదే కదా తేల్చాల్సింది. రేవెన్‌లో సరిగ్గానే తెగింది, పైగా త్వరగా తెగింది. అందుకే ఆ పరీక్ష వరకూ నేను మాంట్రియల్ వైపే మొగ్గుతాను. టవర్ ఆఫ్ లండన్ లాంటివాటిలో, ఒకదాని తర్వాత ఒకటి ఎత్తులు ముందుగా వేసుకోవాల్సిన చోట, చూపు ఒక్కటే చాలదు. ఆటిజం ఉన్నవాళ్లు ప్రణాళిక పరీక్షల్లో తడబడతారని 1990ల నుంచీ వస్తున్న ఫలితాలు అక్కడికి సరిగ్గా సరిపోతాయి. రెండు ప్రయోగశాలలూ ఏనుగును తడిమిన గుడ్డివాళ్లని నేననను. ఎవరికి వాళ్లు తమ వాదానికి అనువైన చిక్కునే ఎంచుకున్నారని మాత్రం అంటాను.

2015లో మాంట్రియల్ నుంచే వచ్చిన ఒక పని ఈ తగువును కాస్త ముందుకు నెట్టింది. ఇసబెల్ సిమార్, సూలియేర్ తదితరులు ఈసారి ఏ ప్రాంతం ఎంత వెలిగిందని కాకుండా, ప్రాంతాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటున్నాయని చూశారు. ఆటిజం ఉన్నవాళ్లలో చూపు ప్రాంతాలతో సంధానం ఎక్కువగా ఉంది. అంతకన్నా ఆసక్తికరమైనది రెండో సంగతి. చిక్కు కఠినమయ్యేకొద్దీ ఆటిజం లేనివాళ్ల మెదడు తన సంధానాలను మార్చుకుంటూ పోయింది. ఉన్నవాళ్లలో ఆ మార్పు తక్కువ. తేలిక చిక్కుకూ కఠినమైనదానికీ దాదాపు ఒకే అమరికతో దిగారు. ఇది బలమా, బలహీనతా? చిక్కు స్వభావాన్ని బట్టి రెండూ కావచ్చు. సన్నద్ధంగా ఉన్న యంత్రాంగం కొత్త చిక్కులో వేగం ఇస్తుంది. పని మధ్యలో పద్ధతి మార్చాల్సి వచ్చినప్పుడు అదే మొండికేస్తుంది.

మాట లేకుండా తర్కం సాధ్యమేనా అన్న సందేహం మనస్తత్వవేత్తల్లో చాలామందికి ఉండేది. టెంపుల్ గ్రాండిన్ 1995లో 'థింకింగ్ ఇన్ పిక్చర్స్' రాసినప్పుడు అది ఒక వ్యక్తి అనుభవంగానే మిగిలింది. చర్చి శిఖరం అని వింటే ఆమెకు శిఖరం అనే సాధారణ భావన రాదు, తాను చూసిన ఫలానా ఫలానా చర్చిల శిఖరాలు ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందు తిరుగుతాయి. పశువులను నడిపించే కట్టడాలకు నక్షా గీసే ముందు వాటిని మనసులోనే నడిపి చూసుకునేది. ఆటిజం ఉన్నవాళ్లంతా ఇలాగే ఆలోచిస్తారని మొదట్లో అనుకున్న ఆమె తర్వాత దాన్ని దిద్దుకుని, సరళుల్లో ఆలోచించేవాళ్లూ మాటల్లో ఆలోచించేవాళ్లూ కూడా ఉన్నారని చెప్పింది. జార్జియా టెక్‌లో మైథిలీ కుందా, అశోక్ గోయల్ ఇదే ఆలోచనను 2011లో ఆటిజానికి ఒక సిద్ధాంతంగా నిలబెట్టారు. అంతటితో ఆగక కంప్యూటర్ చేత రేవెన్ చేయించారు. ఆ ప్రోగ్రాముకు త్రిభుజం అన్న పేరు తెలియదు, నియమం అన్న మాట తెలియదు. బొమ్మను తిప్పడం, అద్దంలోలా తిరగేయడం, ఒకదాని మీద ఒకటి పెట్టి కలపడం, తీసేయడం, ఇవే దానికి వచ్చు. ఇంతమాత్రం చేతనైన ప్రోగ్రాము 60లో సగానికి పైగా చిక్కులు విప్పింది. మనుషుల మెదడు కూడా ఇలాగే చేస్తుందని దీనివల్ల రుజువు కాదు. మాటల్లేని దారి ఒకటి ఉందని, అది చాలా దూరం పోతుందని రుజువైంది.

ఈ అదనపు చూపు ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికి జవాబులు ఇంకా తుంపులుగానే ఉన్నాయి. లండన్‌లో అన్నా రెమింగ్టన్, జాన్ స్వెట్టన్‌హామ్, నిలీ లావీ తెర మీద అక్షరాల గుంపులో ఒకటి వెతకమని, పక్కన మసకగా మెరిసే చిన్న ఆకారాన్ని కూడా గమనించమని పెద్దవాళ్లను అడిగారు. గుంపు పెరిగేకొద్దీ మామూలుగా ఎవరికైనా ఆ పక్క ఆకారం తప్పిపోతుంది. ఆటిజం ఉన్నవాళ్లకు తప్పిపోలేదు. ఒకేసారి లోపలికి తీసుకోగలిగిన దృశ్యం వాళ్లలో ఎక్కువ. బజారులో తట్టుకోలేకపోవడానికీ, రేవెన్‌లో వేగానికీ కారణం ఇదొక్కటే అయ్యే అవకాశం ఉంది. కారొలైన్ రాబర్ట్‌సన్, నాన్సీ కాన్విషర్ తదితరులు 2016లో రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మలు చూపించారు. మెదడు అప్పుడు రెంటినీ కలపలేక ఒకసారి ఒకటి, ఇంకోసారి రెండోది చూపిస్తూ ఊగుతుంది. ఆటిజం ఉన్న పెద్దల్లో ఆ ఊగడం నెమ్మది. ఆటిజం లేనివాళ్లలో ఆ వేగానికీ, దృశ్య ప్రాంతంలో అణచివేత సంకేతాలను మోసే గాబా అనే రసాయనం మోతాదుకూ లంకె దొరికింది. ఉన్నవాళ్లలో ఆ లంకె దొరకలేదు. ఇంకొందరు దీన్ని ముందస్తు అంచనాల బలం తగ్గడంగా చూస్తారు. లిజ్ పెల్లికానో, డేవిడ్ బర్ 2012లో అన్నట్టు, చూసినదాన్ని పాత అనుభవం సరిదిద్దడం తక్కువైతే లోకం ఉన్నదున్నట్టు, మరీ ఎక్కువగా కనిపిస్తుంది. సిద్ధాంతం అందంగా ఉంది. రేవెన్ చిక్కులకు దీన్ని ఎవరైనా సరిగ్గా అన్వయించి చూపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇక గండ్లు. స్వెన్ బోల్టే బృందం 2009లో జర్మనీలో రేవెన్, వెక్స్‌లర్ పోలికను మళ్లీ చేసి చూస్తే, రేవెన్ ఆధిక్యం ప్రధానంగా వెక్స్‌లర్‌లో 85 కంటే తక్కువ వచ్చినవాళ్లలోనే తేలింది. మిగతావాళ్లలో రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. దాగిన ఆకారాలు, బ్లాక్ డిజైన్ ఫలితాలన్నీ కలిపి 2014లో ఆన్ మూత్ తదితరులు లెక్క వేస్తే చిన్నపాటి ఆధిక్యమే మిగిలింది, అది కూడా అధ్యయనానికీ అధ్యయనానికీ విపరీతంగా మారుతూ. 2015లో బెల్జియం నుంచి రూత్ వాన్ డర్ హాలెన్ బృందం 56 వ్యాసాలను, సుమారు వెయ్యిమంది ఆటిజం ఉన్నవాళ్ల ఫలితాలను కలిపింది. వివరాలు చూడటంలో ప్రత్యేక ప్రతిభా కనిపించలేదు, మొత్తం చూడటంలో లోటూ కనిపించలేదు. వివరాలు అడ్డుపడుతున్నప్పుడు మొత్తాన్ని పట్టుకోవడానికి వాళ్లకు ఎక్కువ సమయం పడుతుందన్నదే తేలింది. ముప్పై ఏళ్లపాటు పాఠ్యపుస్తకాలు చెప్పిన కథ ఇంత చిన్నదైపోయింది.

స్కానర్ వైపు కూడా ఒక దెబ్బ తగిలింది. 2012 ప్రాంతంలో మూడు బృందాలు విడివిడిగా ఒక సంగతి కనిపెట్టాయి: స్కానర్‌లో తల రవ్వంత కదిలినా సరే, పక్కపక్క ప్రాంతాల మధ్య సంధానం ఎక్కువగానూ, దూరపు ప్రాంతాల మధ్య తక్కువగానూ లెక్కల్లో కనిపిస్తుంది. ఆటిజం గురించి పిట్స్‌బర్గ్ చెప్పిన సంధాన కథ అచ్చం ఇదే ఆకారం. యంత్రంలో ఎవరు ఎక్కువ కదులుతారో చెప్పనక్కరలేదు. ఆ పాత ఫలితాలన్నీ తలకదలికలేనని కాదు, కానీ వాటిలో తలకదలిక వాటా ఎంతో ఇప్పుడు విడదీయడం కష్టం. ఏ ప్రాంతం ఎక్కువ పని చేసిందన్న మాంట్రియల్ ఫలితాలకు ఈ దెబ్బ అంత నేరుగా తగలదు. వాళ్లకు తగిలేది ఇంకొకటి: చూపు ప్రాంతం వెలిగింది కాబట్టి చూపుతోనే ఆలోచించారనడం తర్కంలో ఒక దూకు. ఒకే ప్రాంతం పది పనులు చేస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, స్కానర్‌లోకి ఎవరు వెళ్లారన్నది ఒక ఎత్తు. గినీ రస్సెల్ తదితరులు 2016లో వచ్చిన 301 ఆటిజం అధ్యయనాలను పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం, వాటిలో పాల్గొన్న ఆటిజం ఉన్నవాళ్లలో 94 శాతం మందికి బుద్ధిమాంద్యం లేదు. బయట లోకంలో ఆటిజం ఉన్నవాళ్ల పాళ్లు ఇలా లేవు. పైగా ఈ మెదడు ప్రయోగాల్లో పెద్దవాళ్లంటే ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న మాటలొచ్చిన మగవాళ్లే ఎక్కువ. డాసన్ ఫలితంలో అతి పెద్ద తేడా కనిపించింది వెక్స్‌లర్‌లో కింద పడిపోయిన వ్యక్తుల్లో. స్కానర్ ఫలితాలు వచ్చింది వాళ్లు కాని వాళ్ల నుంచి.

ఈ లోటు తెలిసే వాలెరీ కూర్షేన్ బృందం 2015లో మాంట్రియల్‌లో బడి పిల్లల దగ్గరికే వెళ్లింది. మాటలు దాదాపు లేని, ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య ఉన్న 30 మంది పిల్లలు. వెక్స్‌లర్‌ను వాళ్లలో ఒక్కరు కూడా పూర్తి చేయలేకపోయారు. రంగుల రేవెన్‌ను, గుంటల్లో అమర్చే బోర్డు రూపంలో ఇస్తే, 26 మంది పూర్తి చేశారు. వాళ్లలో 17 మంది 5 నుంచి 90 పర్సెంటైల్ మధ్య నిలిచారు. వెక్స్‌లర్ ఒక్కటే చూస్తే వీళ్లు పరీక్షకు పనికిరానివాళ్లు.

పరిశోధనలో ఇంత మాట్లాడుకున్నాక ఉద్యోగాల సంగతి వదిలేయలేం. 2004లో డెన్మార్క్‌లో మొదలైన స్పెషలిస్టర్న్, ఆ తర్వాత శాప్ లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ఉపగ్రహ చిత్రాలు చదివించడానికి ఆటిజం ఉన్న యువకులను తీసుకున్న ఇజ్రాయెల్ సైన్యం, అందరూ ఈ చూపు బలం మీదే పందెం కాశారు. కొందరికి మంచి జీతాలొచ్చాయి, సంతోషం. కానీ ఆటిజం అంటే తప్పులు పట్టే యంత్రం అన్న కొత్త మూస కూడా అక్కడి నుంచే తయారవుతోంది. పైన చెప్పిన 2014, 2015 లెక్కలు చదివినవాళ్లు ఎవరూ ప్రతి ఒక్కరి దగ్గరా ఆ చూపును ఆశించరు.

మన దగ్గర పెద్దవాళ్లకు ఆటిజం ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు వాడే ప్రధాన సాధనం ఐఎస్ఏఏ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అని పిలుస్తున్నది, తయారుచేసి 2009లో విడుదల చేసిన కొలమానం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం చేరాక దీని పాత్ర ఇంకా పెరిగింది. ఇందులో ఆరు విభాగాలు, 40 అంశాలు. ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం, 153 దాటితే తీవ్రం. ఈ కొలమానం చేయాల్సిన పని తీవ్రతను కొలవడమే కాబట్టి, తర్కం ఎలా నడుస్తోందో ఇందులో వెతకడం అన్యాయమే. అయినా జ్ఞానానికి సంబంధించిన విభాగం ఒకటి చివర్లో ఉంది, నాలుగు అంశాలతో. మొదటిది నిలకడ లేని ఏకాగ్రత. రెండోది ఆలస్యంగా స్పందించడం. మూడోది అసాధారణమైన జ్ఞాపకశక్తి. నాలుగోది ఏదో ఒక రంగంలో అరుదైన ప్రతిభ. ఆ మనిషి ఒక్కసారి చూసిన వీధి పటాన్ని పొల్లుపోకుండా గీసి చూపిస్తే, చివరి రెండు గడుల్లో అతని మార్కులు పెరుగుతాయి. నాలుగు గడులూ ఒకే వైపు కూడతారు: తీవ్రత వైపు.